దారము చెప్పే పాఠము

(ఉగాది సభలో బాలబాలికలనూ, వారి పెద్దలనూ ఉద్దేశించి చేసిన ప్రసంగము)

మన ఇండ్లలో వేపపూత పచ్చడి, ఇరుగుపొరుగు మరాఠీ ఇండ్లలో గుడీ పాడవా. రెండు పండుగలూ ఒక్కనాడే రావడం షోలాపురంలో ఉన్న మనకు దక్కిన భాగ్యం.

పిల్లలకు పనికివచ్చే మాట ఏదైనా చెప్పమని కార్యదర్శిగారు నన్ను ఆజ్ఞాపించారు. పద్యాన్ని గురించి చెబుతానని పెద్దలు అనుకొని ఉండవచ్చు. నేను మాత్రం యోయో అనే ఆటవస్తువును గురించి చెప్పదలచుకొన్నాను. ఈ మాట వినగానే ముందు వరుసలో నలుగురైదుగురు జేబులు తడుముకొన్నారు. వెనుక వరుసలో కొందరు పెద్దలు నవ్వుకొన్నారు. ఆ పెద్దలకు ఒక్క మాట విన్నవించుకొంటున్నాను. యోయోలో సగం బిళ్ళ, సగం దారం. దారాన్ని గురించి మాట్లాడేటప్పుడు నవ్వి ఊరుకొనే హక్కు ఎవరికైనా ఉండవచ్చును గాని, మగ్గం నమ్ముకొని తెలంగాణం నుంచి ఈ ఊరికి వచ్చిన వారి సంతతికి లేదు. కాబట్టి కాసేపు ఓపిక పట్టండి.

మొదట ఈ వస్తువు పుట్టుపూర్వోత్తరాలు. రెండు గుండ్రని బిళ్ళలు, వాటి నడుమ ఒక చిన్న ఇరుసు, ఆ ఇరుసుకు ఒక దారం. ఇంతే. ఇది కొత్తది కాదు. క్రీస్తుకు పూర్వం 440 ప్రాంతానికి చెందిన ఒక గ్రీకు పాత్ర మీద ఒక బాలుడు ఇటువంటి బిళ్ళను ఆడిస్తున్న చిత్రం ఉన్నది. ఆ పాత్ర బెర్లిను ప్రదర్శనశాలలో ఉన్నది. మన దేశంలోనూ ఉత్తరాదిన దీనిని చక్రీ అనేవారు. 18వ శతాబ్దపు చిత్రాలలో స్త్రీలు దీనిని ఆడుతూ కనబడతారు. యోయో అనే పేరు మాత్రం ఫిలిప్పీన్సు దీవుల నుంచి వచ్చింది.

ఆ పేరును ప్రపంచానికి పరిచయం చేసిన పెద్రో ఫ్లోరెస్ మనవంటి వలసమనిషే. ఫిలిప్పీన్సులో పుట్టి, సముద్రం దాటి అమెరికా చేరి, హోటలులో సామాను మోసే పని చేశాడు. తన దేశపు పిల్లలు ఆడుకొనే బిళ్ళను అక్కడివారు ఎరుగరని గమనించి, 1928లో కాలిఫోర్నియాలోని శాంతా బార్బరాలో యోయోలు తయారుచేసే చిన్న వ్యాపారం పెట్టాడు. ఏడాదిన్నర తిరిగేసరికి అది కార్ఖానాలు నడిపే వ్యాపారమయింది. తరువాత డంకన్ అనే ఆయన ఆ వ్యాపారాన్ని కొని, ఊరూరా ఆడి చూపించడానికి ఫిలిప్పీను యువకులనే నియమించాడు. దీనిని నేను కనిపెట్టాను అని ఫ్లోరెస్ ఎన్నడూ చెప్పుకోలేదు. అతడు పుట్టింటి నుంచి తెచ్చుకొన్న ఆటను పారవేయక దాచుకొన్నాడు, అంతే. 1932లో లండనులో జరిగిన ప్రపంచ పోటీలో గెలిచిన హార్వీ లో అనే 13 ఏళ్ళ బాలుడు కూడా కెనడాలో స్థిరపడిన చీనా కుటుంబం బిడ్డడే. వలస వచ్చినవారి మూటలో ఏముంటుందో పైకి తెలియదు. తీరిక దొరికి విప్పినప్పుడు తెలుస్తుంది.

ఇక యోయో మర్మం. దీనిని కిందికి విసిరితే దారం విప్పుకొంటూ పోయి, చివరకు చేరి, అక్కడే గిరగిర తిరుగుతూ ఆగుతుంది. దీనిని నిద్ర అంటారు. నిద్రపోతున్న బిళ్ళను వేలితో చిన్నగా ఎగలాగితే మేలుకొని, దారం చుట్టుకొంటూ చేతికి వస్తుంది. నిద్ర ఎట్లా సాధ్యమయింది? దారాన్ని ఇరుసుకు ముడివేసి ఉంటే బిళ్ళ చివరకు పోగానే తిరిగి చుట్టుకొంటుంది, నిద్ర ఉండదు. ఫ్లోరెసు తెచ్చిన ఫిలిప్పీను పద్ధతిలో ముడి లేదు. ఇరుసు చుట్టూ దారం ఉచ్చుగా వదులుగా ఉంటుంది. ఆ ఉచ్చులో ఇరుసు జారుతూ తిరుగుతుంది. నేడు దొరికే యోయోలలో అనేకం ఇరుసు మీద సైకిలు చక్రానికి ఉన్నట్లే బాల్ బేరింగు పెట్టుకొని వస్తున్నవి. కాబట్టి నిద్ర ఇంకా ఎక్కువసేపు సాగుతుంది.

ఈ నిద్రకు భూమి కూడా సాయపడుతుంది. 1985 ఏప్రిల్‌లో డిస్కవరీ అనే అమెరికా వ్యోమనౌకలో ఆటవస్తువులను పరీక్షించినప్పుడు ఒక యోయోను కూడా తీసుకొనిపోయారు. బరువే తెలియని ఆ చోట యోయో ముందుకూ వెనుకకూ చక్కగా పోయి వచ్చింది గాని, చివరన నిద్రపోలేదు. దారాన్ని బిగువుగా పట్టి ఉంచడానికి కిందికి లాగే బరువు లేదు గనుక వెంటనే తిరిగివచ్చేది. దారం బిగువు ఎంత ముఖ్యమో దీనినిబట్టి గ్రహించండి.

ఇప్పుడు మన ఇంటి విద్యకు వద్దాము. దూది పీచు పొట్టిది, బలహీనమైనది. దానికి బలమిచ్చి నూలుగా నిలబెట్టేది పురి. ఒక పోగుకు ఒక వైపు పురి పెట్టి, దానిని నడుమకు మడిచి వదలండి. రెండు సగాలూ ఒకదానినొకటి ఎదురు వైపున పెనవేసుకొంటవి. అట్లా ఎదురు పురి పడ్డ దారం సమంగా, ముడుచుకోకుండా నిలుస్తుంది. యోయో దారం సరిగ్గా ఇట్లా తయారైనదే. మడిచిన చోట పురి విప్పితే తనంత తానే ఉచ్చు ఏర్పడుతుంది. ఇరుసు కూర్చునేది ఆ ఉచ్చులోనే. పడుగుకు నూలు చూసి ఏరిన తాతలున్న ఇండ్లలో ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. కాని పిల్లలకు చెప్పినవారున్నారా అన్నదే నా ప్రశ్న.

విసిరిన కొద్దీ, చుట్టిన కొద్దీ ఈ దారం పురి ఏదో ఒక వైపుకు కొంచెం కొంచెం మారుతూ ఉంటుంది. పురి మితిమీరి ఎక్కితే దారం మెలికలు పడుతుంది, ఇరుసు దగ్గర ఉచ్చు బిగుసుకొంటుంది, బిళ్ళ నిద్రపోదు. పురి మరీ దిగిపోతే ఉచ్చు వదులై బిళ్ళ మేలుకోదు. ఒక్కొక్కప్పుడు దారం నుంచి ఊడి ఎగిరిపోతుంది కూడా. పరీక్ష చాలా సులువు. దారాన్ని విప్పి, దాని రెండు కొసలనూ దగ్గరగా పట్టుకొని, నడుమ భాగాన్ని ఊయల వలె వేలాడనివ్వండి. అది ఊయల వలెనే ఉంటే సరి. తనలో తాను పెనవేసుకొంటే పురి ఎక్కువైనదన్నమాట. అప్పుడు వేలి నుంచి ఉచ్చు తీసి, పై కొసను పట్టుకొని, బిళ్ళను కిందికి వేలాడదీసి వదలండి. అది తనంత తాను తిరిగి తిరిగి, ఎక్కువైన పురి దించుకొని నిలుస్తుంది.

పిల్లలు నన్ను అడిగిన చమత్కారానికి ఇప్పుడు వస్తున్నాను. దాని పేరు డబుల్ ఆర్ నథింగ్. జూదంలో వాడే మాట అది. వస్తే రెండింతలు, రాకుంటే సున్న అని భావం. పేరు చూసి భయపడవద్దు. పేరులో జూదమున్నది గాని ఆటలో లేదు. కుడిచేతి వాటం వారికి చెబుతాను, ఎడమచేతి వాటం వారు తిరగవేసుకోండి.

దారం ఉచ్చు కుడిచేతి నడిమి వేలికి, మొదటి కణుపుకూ రెండవ కణుపుకూ నడుమ ఉండాలి. యోయోను కుడి పక్కకు విసిరితే అది మీ ముందర గడియారపు లోలకం వలె ఎడమకు ఊగుతుంది. ఆ దారానికి ఎడమచేతి చూపుడు వేలు అడ్డం పెడితే, బిళ్ళ ఆ వేలి మీదుగా ఎగిరి వచ్చి, రెండు చేతుల నడుమ ఉన్న దారం మీద వాలుతుంది. ఇది ఒక ప్రాథమిక చమత్కారం. దీనిని ట్రపీజ్ అంటారు. సర్కసులో ఊయల పేరే. డబుల్ ఆర్ నథింగులో బిళ్ళ అక్కడ వాలదు. ఎడమ చూపుడు వేలి మీదుగా వచ్చి, కుడిచేతి చూపుడు వేలి మీదుగా పోయి, కిందుగా తిరిగి ఎడమకు వచ్చి, మళ్ళీ ఎడమ చూపుడు వేలు చుట్టి, అప్పుడు దారం మీద వాలుతుంది. అప్పటికి వేళ్ళ నడుమ మూడు వరుసల దారం పరచుకొని ఉంటుంది. వాటిలో మీ ఒంటికి దూరంగా, అన్నిటికంటె బయట ఉన్న వరుస మీదనే బిళ్ళ వాలాలి. విప్పేటప్పుడు బిళ్ళను వచ్చిన దారినే వెనుకకు పంపాలి. ఎడమ వేలు, కుడి వేలు, మళ్ళీ ఎడమ వేలు. వచ్చిన దారిన పోతే చిక్కు పడదు.

చూసేవారికి ఇది రెప్పపాటు పని. చేసేవారికి మాత్రం నాలుగు చోట్ల తెగే పని. ఏయే చోట్లనో చెబుతాను.

మొదటిది విసురు. బిళ్ళ నిటారుగా తిరగాలి. ఒక పక్కకు ఒరిగితే దారం బిళ్ళ గోడకు రాచుకొంటుంది, వేగం పోతుంది, వాలవలసిన చోట గాడి దారానికి ఎదురుగా ఉండదు. కాబట్టి మొదటి కొన్నాళ్ళు ఏ చమత్కారమూ వద్దు. విసరడం, నిద్రపుచ్చడం, ఒరగకుండా చూడడం, ఇదే పాఠం. నిద్ర పది సెకండ్లు నిలకడగా సాగేదాకా ముందుకు పోవద్దు.

రెండవది ఎడమ వేలు తగిలే చోటు. ట్రపీజుకు వేలు బిళ్ళకు బాగా దగ్గరగా తగలాలి. అప్పుడే వాలడం అదుపులో ఉంటుంది. డబుల్ ఆర్ నథింగుకు ఆ చోటు చాలదు. ఇంకా రెండు మలుపులకు దారం మిగలాలి గనుక వేలు బిళ్ళకు దూరంగా, పైకి తగలాలి. ట్రపీజు బాగా వచ్చిన పిల్లలే ఇక్కడ తికమకపడతారు. పాత అలవాటు కొత్త పనికి అడ్డం వస్తుంది.

మూడవది చేతుల ఎడం. ఇక్కడ కొంచెం లెక్క ఉన్నది. దారం పొడవు నేల నుంచి మీ బొడ్డుదాకా ఉంటే చాలును. పెద్దవారికి అది 100 సెంటీమీటర్లని అనుకొందాము. చేతుల ఎడం 30 సెంటీమీటర్లయితే మూడు వరుసలకు 90 పోయింది. మిగిలిన 10తో బిళ్ళ వేలు చుట్టి వచ్చి వాలలేదు, మధ్యలోనే వేలికి కొట్టుకొంటుంది. అదే ఎడం 20 అయితే మూడు వరుసలకు 60 పోయి, 40 మిగులుతుంది. హాయిగా వాలుతుంది. అంటే చేతులు జానెడు ఎడంలో ఉండాలి. దారం పొట్టిగా ఉన్న చిన్నపిల్లలకు ఇంకా తక్కువ. కాని బిళ్ళ ముఖం మీదకు వస్తున్నదనే జంకుతో చేతులు తమకు తెలియకుండానే విడిపోతవి. ఇక్కడ చాలామందికి పోగు తెగుతుంది.

నాలుగవది వాలడం. బయటి వరుస కాక లోపలి వరుస మీద వాలితే పైకి అంతా సవ్యంగానే కనబడుతుంది. విప్పేటప్పుడు ముడి పడుతుంది. కాబట్టి మొదట తిరగని బిళ్ళతో, చేత్తోనే మెల్లగా దారాన్ని వేళ్ళ చుట్టూ పరచి చూసుకోండి. ఏ వరుస ఎక్కడ ఉన్నదో కంటికి తెలియాలి. కంటికి తెలిసిన దారిని చేయి తరువాత వెదుక్కొంటుంది.

ఈ నాలుగూ విడివిడిగా చూస్తే కష్టమైనది ఏదీ లేదు. అయినా పిల్లవాడు నూరుసార్లు విసిరి, నూరుసార్లూ తప్పి, నాకు రాదు అని మూల పారవేస్తాడు. ఎందుచేతనంటే వాడు తప్పులను లెక్కపెట్టాడు గాని తప్పు చోటును చూడలేదు. నూరుసార్లు తప్పింది అనే మాటలో తెలివి ఏమీ లేదు. రెండవ మలుపులో కుడి వేలి దగ్గర తప్పుతున్నది అనే మాటలో సగం విద్య ఉన్నది.

ఇందుకు దృష్టాంతంగా మా వీధిలో నేను కళ్ళారా చూసిన ఒక సంగతి చెబుతాను. పన్నెండేళ్ళ పిల్ల. ట్రపీజు బాగా వచ్చింది. ఈ చమత్కారం మాత్రం రెండు వారాలుగా రావడం లేదు. బిళ్ళ మధ్యలోనే మెలికపడి ఆగిపోతున్నది. తల్లి బీడీల చేటముందు కూర్చుండి, ఆ గొడవ మానుమని కేకలు వేస్తున్నది. ఆమెను తప్పుపట్టలేము, ఇంటిపని అటువంటిది. పిల్ల ఏడుపు ముఖంతో యోయోను గూటిలోకి విసిరివేసింది.

ఆ ఇంటి తాత ఒకప్పుడు చేతిమగ్గం నేసినవాడు. తరువాత చాలా కాలం మరమగ్గాల కార్ఖానాలో పడుగులు తోడాడు. ఇప్పుడు చూపు మందగించి మంచం మీద కూర్చుంటాడు. మనుమరాలి బడిపుస్తకాలు మరాఠీలోనూ, ఇంగ్లీషులోనూ ఉంటవి. వాటిలో ఒక్క ముక్క ఆయన చెప్పలేడు. ఆ ఇంట్లో ఆయనను ఎవరైనా ఏదైనా అడిగి చాలా కాలమయింది. అన్నం పెట్టడం ఉన్నది, మందు ఇవ్వడం ఉన్నది, అడగడం లేదు.

ఆ సాయంత్రం ఆయన, “బిడ్డా, ఆ దారమిట్ల తే” అన్నాడు. పిల్ల తెచ్చి ఇచ్చింది. ఆయన కంటితో చూడలేదు. బొటనవేలికీ చూపుడు వేలికీ నడుమ దారాన్ని ఒక్కసారి జార్చి, “పురి బాగ ఎక్కింది, ఇది ఎట్ల పారుతది?” అన్నాడు. కొస పట్టుకొని బిళ్ళను వేలాడదీశాడు. అది గిర్రున తిరిగి, మెల్లగా నిలిచింది. పిల్ల నోరు తెరిచి చూసింది.

మళ్ళీ విసిరింది. మెలిక పడలేదు గాని వాలడం మాత్రం తప్పింది. “అంతా పోతున్నది తాతా” అన్నది. అందుకాయన అన్న మాట నేను మరిచిపోలేను. “అంతా ఎట్ల పోతది బిడ్డా? ముందుగ ఒక్క పోగే తెగుతది. అదెక్కడనో చెప్పు.”

మగ్గం మీద వేల పోగులుంటవి. ఒకటి తెగినంత మాత్రాన నేతగాడు పడుగంతా కోసి పారవేయడు. ఆపుతాడు. తెగిన చోటు వెదుకుతాడు. ఆ ఒక్క పోగును అతికి, అచ్చులోకి తీసి, మళ్ళీ నేస్తాడు. చూడకుండా నేసుకొంటూ పోతే గుడ్డ నిడివినా గీత పడుతుంది. ఆయన చెప్పినది ఇదే.

పిల్ల ఈసారి తప్పును చూడడానికే విసిరింది. మూడుసార్లు విసిరి, “రెండో మలుపుల, కుడివేలు కాడ తాతా. చేతులు దూరం పోతున్నయి” అన్నది. తాత తలగడ కింద నుంచి ఒక నూలు పోగు తీసి, ఆమె రెండు మణికట్టులకూ జానెడు ఎడం ఉండేట్టు వదులుగా కట్టాడు. చేతులు విడిపోబోతే ఆ పోగు చెబుతుంది. నాలుగవ రోజున బిళ్ళ బయటి వరుస మీద వాలింది. పోగు విప్పిన తరువాత కూడా వాలింది. ఆ చప్పుడు విని తల్లి కూడా చేట పక్కన పెట్టి వచ్చి చూసింది.

ఆ తరువాత జరిగినది ఇంకా బాగున్నది. తెగిన పోగును ఎట్లా అతికేవాడివి అని ఆ పిల్ల తాతను అడిగింది. ఆయన చేసి చూపించాడు. పడుగు, పేక, కండె, నాడె, అచ్చు, ఈ మాటలన్నీ ఆమె నోటికి ఆ వారంలో వచ్చినవి. నేత వృత్తి పోయిన ఇంట్లో నేతమాటలు ఒక ఆటబిళ్ళ వెంట తిరిగివచ్చినవి. పుస్తకం చేయలేని పనిని ఒక్కొక్కసారి దారం చేస్తుంది.

పెద్దలకు నాలుగు మాటలు మనవి చేసి ముగిస్తాను.

పిల్లవాడు తప్పుతున్నప్పుడు, “పొద్దుటినుంచి ఎన్నిసార్లు తప్పావు?” అని అడగవద్దు. “ఎక్కడ తప్పుతున్నది?” అని అడగండి. మొదటి ప్రశ్నకు జవాబు సిగ్గు. రెండవ ప్రశ్నకు జవాబు ఆలోచన. లెక్కలకైనా, పద్యానికైనా, తెలుగు ఒత్తులకైనా ఇదే వరుస. మన పిల్లలకు తెలుగు చదవడం రాదని బాధపడతాము గదా. రాదు అని ఊరుకోక, ఏ అక్షరం దగ్గర ఆగుతున్నారో కూర్చుండి చూడండి. నాకు తెలిసినంతలో చాలామంది ఆగేది రెండు మూడు ఒత్తుల దగ్గరనే.

రెండవ మాట. పక్కింటి పిల్లవాడికి వచ్చింది, నీకు రాలేదు అనవద్దు. ఒక్కొక్కరికి పోగు ఒక్కొక్క చోట తెగుతుంది. వాడికి విసురు సులువు, వీడికి వాలడం సులువు.

మూడవది, వేళాపాళా. రోజంతా ఆడనివ్వవద్దు, పూర్తిగా మానిపించవద్దు. చేయి అలసిన తరువాత చేసిన సాధన తప్పునే అలవాటు చేస్తుంది. కొంచెంసేపు శ్రద్ధగా ఆడి, నిద్రపోయి, మర్నాడు చూస్తే చేయి నిన్నటికంటె కొంత ఎరిగి ఉంటుంది. ఇది మీరూ చూసి ఉంటారు.

నాలుగవది, జాగ్రత్త. దారం చివికితే, మాసి గరుకెక్కితే మార్చండి. తెగిన దారంతో బిళ్ళ ఎగిరి దీపానికో, తమ్ముడి నుదుటికో తగులుతుంది. వేలికి ఉచ్చు మరీ బిగించవద్దు, వేలు నల్లబడితే వెంటనే తీయాలి. ఆడేటప్పుడు నాలుగు వైపులా చేయిచాపు ఖాళీ ఉండాలి. కొత్తగా కొనేవారికి ఒక హెచ్చరిక కూడా. ఈ కాలపు యోయోలలో ఒక రకం, వేలితో లాగినా తిరిగి రాదు. దారాన్ని మడతవేసి గాడిలోకి అందిస్తేనే వస్తుంది. అది నేర్చినవారికి మేలైనది, మొదలుపెట్టేవారికి తలనొప్పి. లాగితే తిరిగివచ్చే రకంతో ప్రారంభించండి.

చిరంజీవులారా, మీకు ఒక్క మాటే చెబుతాను. ఈ చమత్కారం వచ్చినంత మాత్రాన పరీక్షలో మార్కులు రావు, ఉద్యోగం రాదు. కాని రానిది ఒకటి మీ చేతిలోనే వచ్చేదిగా మారడం మీరు కళ్ళతో చూస్తారు. ఒకసారి అది చూసినవారు మరొక కష్టమైన పనిని చూసి, అంతా పోయింది అనరు. ఎక్కడ తెగింది అని చూస్తారు. మన పూర్వులు ఊరు విడిచి, భాష తెలియని చోట మగ్గం వేసుకొని నిలదొక్కుకొన్నది కూడా ఈ గుణంతోనే. వారి ప్రయాణంలో ఎన్నో పోగులు తెగినవి. అతుక్కొంటూ నేశారు. మనం కట్టుకొన్నది ఆ గుడ్డనే.

ఇక పచ్చడి పంచే వేళయింది. సభ ముగిసిన పిమ్మట వరండాలో ఒక బల్ల మీద కొత్త దారాలూ, ఒక కత్తెరా పెట్టించాను. దారం పొడవు కొలిచి కోసి ఇస్తాను. పిల్లలు ఒంటరిగా రావద్దు. ఇంట్లో నూలు ఎరిగిన తాతనో, అమ్మమ్మనో వెంటపెట్టుకొని రండి. పురి సరిగా ఉన్నదా లేదా వారే వేళ్ళతో చూసి చెబుతారు.